ఉత్త ఇసుర్రాయి

ఇది జరిగిన సంగతి కాదు, చెప్పుకోవడానికి కట్టిన కథ. ఊరు మాత్రం మనకు తెలిసిన తావులోనిదే. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ ఇంకా సన్నటి వాగుగా పారే ప్రాంతం అది. నవాబుపేట దారి, అటు చిట్టిగిద్ద, ఇటు శంకర్‌పల్లి. వానాకాలం కంది, పెసర. యాసంగిలో జొన్న, శనగ, చేను చుట్టూ పశువులు జొరబడకుండా కుసుమ సాళ్లు.

ఆ ఊళ్లో రచ్చకట్ట వెనక ఒక జొన్న పాతర ఉండేది. మనిషి నిలువు కంటే లోతుగా తవ్వి, అడుగునా గోడలకూ ఎండు చొప్ప పరిచి, జొన్నలు పోసి, మీద మట్టి మెత్తి మూసేవాళ్లు. మళ్లీ తెరిచిన నాడు వెంటనే ఎవరూ దిగరు. లోపలి పాడుగాలి పోయేదాకా ఆగి, తాడుతో దీపం దింపి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగాలి. ఆ పాతర ఏ ఒక్కరిదీ కాదు, ఊరిది. పంట ఇంటికి రాగానే నాగలికి ఇంత అని ప్రతి రైతూ పోసేవాడు. భూమి లేనివాళ్లు తవ్వకానికీ మెత్తడానికీ రెక్కల కష్టం పోసేవాళ్లు. చేతిపని వాళ్లు తమ పనికి వచ్చిన గింజల్లోంచే ఒక పాలు తీసి పోసేవాళ్లు.

ఆ చేతిపని వాళ్లలో గానుగ నడిపే ఆయన ఒకడు. కుసుమలు, నువ్వులు, గడ్డినువ్వులు ఎవరు తెచ్చినా ఆడి నూనె తీసి ఇచ్చేవాడు, కూలిగా గింజలో, చెక్కో తీసుకునేవాడు. తండ్రి పోయిన ఏటి నుంచి ముప్ఫై ఏళ్లపాటు ఏడాదికి అడ్డెడు జొన్నలు తప్పకుండా పాతరలో పోశాడు. తానొక్కడే పోయి గింజ అడిగే అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

పాతరకు ఒక కట్టుబాటు ఉండేది. కష్టమొచ్చినవాడు చావడికి రావాలి, నలుగురి ముందు నిలబడి తన సంగతి చెప్పుకోవాలి, పెద్దలు విచారించి కొలిచి ఇస్తారు. ఆ కట్టుబాటులో ఎవరికీ తప్పు కనబడలేదు. కరువు వచ్చిన ఏడు ఊరంతా కలిసే ఆకలిగొంది, ఊరంతా కలిసే చావడికి పోయింది. అందరూ నిలబడ్డ చోట ఒకడు నిలబడటానికి సిగ్గేముంది?

అప్పుడు మిషను వచ్చింది. పెద్ద తొవ్వ మీద ఒక షావుకారు నూనె మిల్లు పెట్టాడు. గానుగ పొద్దంతా తిరిగి ఆడే కుసుమలను మిల్లు కాసేపట్లో ఆడేది, సగం కూలికే ఆడేది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ఎవరి సంసారం వాళ్లది. మొదటి ఏడు సగం మంది పోయారు. రెండో ఏటికి గానుగ ఆగింది. ఎద్దును అంగట్లో అమ్మేశాడు. ఆ పైసలు కొన్నాళ్లు నడిపించాయి, తర్వాత అవీ అయిపోయాయి.

ఈ కష్టం కరువు వంటిది కాదు. ఊరి చేలన్నీ పచ్చగా ఉన్నాయి, ఊరి కల్లాల్లో రాశులున్నాయి. ఖాళీ అయింది ఆ ఒక్క ఇల్లే. ఆయన రోజూ తెల్లవారగానే కండువా భుజాన వేసుకుని బయలుదేరేవాడు. వాగు దాటి, ఎవరూ లేని చోట చింతచెట్టు కింద పొద్దు గుంకేదాకా కూర్చుని ఇంటికొచ్చేవాడు. పనికి పోతున్నాడనే ఊరు అనుకుంది.

ఆ రోజుల్లో కోడికూతకు ముందే ప్రతి ఇంట్లోనూ ఇసుర్రాయి లేచేది. ఆ పూట రొట్టెకు ఆ పూటే జొన్నలు విసురుకోవాలి. ఏ ఇంట్లో ఇసుర్రాయి తిరగకపోయినా పక్కింట్లో తెలిసిపోతుంది. గానుగాయన భార్య అది ఎరిగిన మనిషి. గుల్లలో జొన్నలు అయిపోయిన మర్నాడు కూడా ఆమె చీకట్లోనే లేచింది, ఇసుర్రాయి ముందు కూర్చుంది, గింజ పోయకుండానే తిప్పింది. ఎప్పుడూ ఎంతసేపు తిప్పేదో అంతసేపూ తిప్పింది. పిల్లలు నిద్రలో ఆ చప్పుడు విని, రొట్టె ఉంటుందనుకుని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

ఎడమ పక్క ఇంటివాళ్లు చప్పుడు విన్నారు, వాళ్ల పనిలో వాళ్లు పడ్డారు. కుడి పక్క ఇంట్లో చూపు పోయిన ఒక అవ్వ ఉండేది. ఆమె చప్పుడు వింటూనే మంచం మీద లేచి కూర్చుంది. జొన్న పడిన ఇసుర్రాయి మెత్తగా, బరువుగా మూలుగుతుంది. ఉత్త ఇసుర్రాయి గీరుతుంది. రాయి మీద రాయి అరుగుతున్న సంగతి ఆ మొదటి పొద్దునే అవ్వకు తెలిసింది.

జొన్నలు పట్టుకుని పోతే ఆ ఇల్లాలు తీసుకోదనీ, "మాకున్నయి అవ్వా" అంటుందనీ కూడా అవ్వకు తెలుసు. మధ్యాహ్నం మనవడి చేత గంప మోయించుకుని, కర్ర తాటించుకుంటూ వెళ్లింది.

"బిడ్డా, నా రెక్కలు ఆడ్తలేవు. గీ జొన్నలు ఇసిరిపెట్టు. మూడో పాలు నీ కూలి."

"పక్కపక్క ఇండ్లోళ్లం. మన నడుమ కూలేంది అవ్వా?"

"కూలి తీస్కోకుంటే చెప్పు. ఇంకో ఇంటికి పోత."

ఆమె తీసుకుంది. మర్నాడు తెల్లవారి ఆ ఇంటి ఇసుర్రాయి మెత్తగా మూలిగింది. అట్లా కొన్నాళ్లు నడిచింది. కానీ అవ్వకు మనసు కుదురుగా లేదు. తన గుల్లలో జొన్నలు ఎన్నాళ్లుంటాయి? తానొక్కతి కనిపెట్టబట్టి ఆ ఇల్లు తింటోంది, తాను కన్ను మూస్తే? ఉగాదికి ఊరు చావడి దగ్గర కూడినప్పుడు అవ్వ లేచి నిలబడింది. పేరు చెప్పలేదు. ఊళ్లో ఒక ఇంట్లో ఉత్త ఇసుర్రాయి తిరిగిందని మాత్రం చెప్పింది.

పటేలు నొచ్చుకున్నాడు. "అడిగితే ఇయ్యమంటిమా అవ్వా? పాతర నిండుగున్నది. ఎందుకడగలే?"

"పటేలా, పోసిన్నాడు నువ్వెందుకు పోస్తున్నవని ఎవ్వరన్న అడిగిన్రా? ఎవ్వరడగలే. తీస్కునే నాడే ఎందుకు మీ ముంగట నిలబెడ్తున్నరు?"

"మరి ఎవ్వరికి అవసరమో మాకెట్ల తెలుస్తది? అబద్ధం జెప్పి పట్కపోయేటోళ్లు ఉండరా?"

ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. అవ్వ కాసేపు ఆలోచించే జవాబు చెప్పింది.

"ప్రతి ఇంటికి ఒక ఎడమ ఇల్లు, ఒక కుడి ఇల్లు ఉంటయి. ఆ ఇద్దరికి తెల్వని కష్టం ఉండది. నేను గుడ్డిదాన్ని, నాకే తెలిసె. కండ్లున్నోళ్లకు తెల్వకపోవుడేంది?"

ఆనాడు కట్టుబాటు మారింది. కష్టమొచ్చినవాడు చావడికి రానక్కర లేదు. అటు ఇల్లు, ఇటు ఇల్లు కనిపెట్టి పాతర కాపరి చెవిన వేయాలి. పాతర తెరిచిన రాత్రి గంపలు ఊళ్లో అన్ని వాకిళ్లకూ తిరుగుతాయి. ఏ గంపలో ఎంత ఉందో మోసేవాడికి తప్ప తెలియదు. తీసుకున్నది అప్పు కాదు, దానికి లెక్క లేదు. రెక్కాడే రోజు వచ్చాక అందరితోపాటు తన వంతు పోస్తే చాలు. పాతర కాపరి పని గానుగాయనకే ఇచ్చారు, ఏటికి ఇన్ని జొన్నలని కూలి కట్టారు. ముప్ఫై ఏళ్లు నూనె కొలిచిన చెయ్యి, కొలతలో తేడా రానీయదు.

కొన్నేళ్లు గడిచాయి. అవ్వ పోయింది. ఒక వానాకాలం మూసీ పొంగి నూనె మిల్లులోకి నీళ్లు వచ్చాయి, మిషను పాడైంది. షావుకారు తాళం వేసి పట్నం వెళ్లిపోయాడు. మిల్లులో పనిచేసిన కూలి మిగిలిపోయాడు. ఎక్కడినుంచో వచ్చినవాడు. ఊరి పొలిమేరలో పాడుబడ్డ గొర్ల దొడ్డిలో భార్యతో, ఇద్దరు చంటిపిల్లలతో ఉన్నాడు. వాడికి ఎడమ ఇల్లు లేదు, కుడి ఇల్లు లేదు. వాళ్లకు ఇసుర్రాయే లేదు, చప్పుడు వినడానికి. అవ్వ కట్టిన కట్టుబాటు కూడా ఆ దొడ్డిదాకా పోలేదు.

పాతర తెరిచే రాత్రి గానుగాయన పెద్దల ముందు ఆ పేరెత్తాడు.

"వాడు ఎన్నడన్న పోసిండా?" అన్నాడు పటేలు. "పోసినోళ్లదే గదా పాతర. అయినా, నీ గానుగ బందైంది ఆ మిల్లుతోనేనాయె. నువ్వే అడుగుతున్నవేంది?"

"మిల్లు వాడిది గాదు పటేలా. వాడు కూలికొచ్చిండు. నేను పని పోయి వాగవతల కూసున్న దినాలు నాకు యాదున్నయి. గిప్పుడు వాడు ఎక్కడ కూసుంటున్నడో నాకెరుకే."

అంతటితో ఆగలేదు. ఆ ఏటి కాపరి కూలి కింద తనకు కొలిచిపెట్టిన జొన్నల్లోంచి అడ్డెడు తీసుకుని పాతర అంచున నిలబడ్డాడు.

"గిది వాడి పేరు మీద పోస్తున్న. గిప్పటినుంచి వాడూ పోసినోడే."

గింజలు లోపలికి జారాయి. పటేలు ఏమీ అనలేదు. లేచి, కొలత కుంచం తీసి ఆయన చేతికిచ్చాడు. ఆ రాత్రి మొదటి గంప పొలిమేర దారి పట్టింది.

నీతి

పని పోయిన ఇంటికి సాయం ఆ ఇల్లు నోరు తెరవకముందే చేరాలి. దయగా కాకుండా ఆ ఇంటి పాలుగా చేరాలి. ఇంకా ఏమీ పోయలేకపోయిన కొత్తవాడికి కూడా చేరాలి. కథ చెప్పేది ఇంతే. దీన్ని మన కాలంలో, మన వికారాబాద్ జిల్లాలో పెట్టి చూడటమే అసలు పని.

2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌తో ప్యాసింజర్ బండ్లు ఆగిపోయాయి. చిట్టిగిద్దలో, వికారాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి లింగంపల్లి వైపు పనులకు పోయే కుటుంబాలకు ఆ బండే బతుకుతెరువు. తాండూరులో నాపరాయి గనులు, బండలు కోసి మెరుగుపెట్టే పాలిషింగ్ యూనిట్లు మూతపడ్డాయి. తాండూరు బండ దేశమంతా ఇళ్ల నేలల్లో పరిచి ఉంది, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ రాయి కోసే మనిషి ఇంట్లో వారం పని లేకపోతే పప్పు కొనడమే కష్టం. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు తలకు 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. కార్డు లేనివాడిని, బయటివాడిని కూడా లెక్కలోకి తీసుకున్న ఆ నిర్ణయం మంచిది. పాతరలో ఇంకొకరి పేరు మీద పోసిన అడ్డెడు జొన్నలు అవి.

ఆ ఏడు చాలామంది చేతుల్లో అన్నం పొట్లాలు, సరుకుల సంచులు కనిపించాయి. ఇచ్చినవాళ్ల మనసు మంచిదే, నేను కాదనను. కానీ సంచి అందుకుంటున్న మనిషిని ఫోటో తీయడం నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు. నిన్నటిదాకా తన చేత్తో సంసారం ఈదిన మనిషి ఆ ఫోటోలో తన పిల్లలకు ఎలా కనిపిస్తాడు? ఫోటోకు భయపడి సంచి దగ్గరికే రాని ఇళ్లు ఎన్నో మనకు తెలియదు, ఎందుకంటే అవి ఏ ఫోటోలోనూ లేవు.

ఆ రాని ఇళ్ల గురించి ఆలోచించిన ప్రతిసారీ నాకు ప్రైవేటు బడుల పంతుళ్లు గుర్తుకొస్తారు. బడులు మూతపడి జీతాలు ఆగాయి. పదిమంది పిల్లల చేత "దండం సార్" అనిపించుకున్న మనిషి వరుసలో నిలబడలేడు. ఆయన ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేసే ఉంటుంది, పొద్దున్నే ఎక్కడికో బయలుదేరుతూనే ఉంటాడు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. బడులు మూతపడి అప్పటికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా ఎన్ని ఇళ్లలో ఉత్త ఇసుర్రాళ్లు తిరిగాయో ఎవరు విన్నారు?

మనకు పాతరలు లేకపోలేదు. చట్టంగా ఉన్నాయి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసి వాళ్ల సంక్షేమ నిధిలో వేస్తారు. ఆ నిధిలో పాలు కావాలంటే అంతకు ముందు 12 నెలల్లో 90 రోజులు ఆ పని చేసినట్టు చూపి పేరు నమోదు చేసుకోవాలి, ఆ నమోదును మళ్లీ మళ్లీ తిరగరాయించుకోవాలి. అడ్డా మీద రోజుకో మేస్త్రీ వెంట పోయే కూలికి 90 రోజుల కాగితం ఎవరిస్తారు? ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి పని పోతే కొంత భృతి ఇచ్చే పథకం 2018 జూలైలో మొదలైంది, సగటు కూలిలో నాలుగో వంతు, 90 రోజుల దాకా. 2020లో దాన్ని సగానికి పెంచారు. మంచి ఏర్పాటే. అయితే ఈఎస్ఐ చందా కడుతున్న వాడికే అది. ముఠా మేస్త్రీ కింద లెక్కాపత్రం లేకుండా పనిచేసేవాడు గొర్ల దొడ్డిలోనే ఉండిపోయాడు.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అమలుకు శ్రీకారం చుట్టారు. పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలని ఆ చట్టం రాసింది. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. పని మీ హక్కు అని చెప్పిన చట్టం అది, అందుకే కోట్ల మంది తల వంచకుండా గడ్డపార పట్టారు. అయినా దాన్లోనూ మొదటి అడుగు అడగడమే. అడిగినట్టు రసీదు చేతిలో ఉండాల్సి వచ్చింది. రసీదు లేకపోతే భృతి లేకపోయింది. కాగితం చదవగలిగిన వాడికి హక్కు దొరుకుతుంది, చదవలేనివాడికి చావడి మెట్లే మిగులుతాయి.

అవ్వ మాటకు నిజంగా రూపమిచ్చిన వాళ్లు మనకు పక్కనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. పి.వి.సతీశ్ దాని వెనకున్న పెద్దమనిషి, 2023లో కన్నుమూశారు. నడిపింది మాత్రం ఊళ్లలోని పేద స్త్రీల సంఘాలు, ఎక్కువమంది దళితులు. 1990ల నడుమ వాళ్లు బీడు పడ్డ చెలకలను మళ్లీ దున్నించారు. చిన్న రైతుకు సేద్యం ఖర్చు ముందుగా ఇచ్చి, దాన్ని పైసల్లో కాకుండా జొన్నల్లో ఏటా కొంత చొప్పున తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే, వేపాకు, బూడిద కలిపి దాచారు. వానాకాలం గింజ కొరత పడ్డప్పుడు ఊరి పేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదవాళ్లో తేల్చింది దఫ్తరు కాదు. నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, ఏ ఇంట్లో ఎంత కష్టముందో ఊరివాళ్లే చెప్పుకున్నారు. ఎడమ ఇల్లు, కుడి ఇల్లు మాట్లాడాయి.

ఇంకో సంగతి కూడా నాకు విలువైనదిగా అనిపిస్తుంది. ఆ గింజ ఉచితం కాదు, తక్కువ ధరది. కొనుక్కున్న మనిషి కొనుక్కున్నానని చెప్పుకోగలడు. అవ్వ "మూడో పాలు నీ కూలి" అన్నది ఇందుకే. జర్మనీలో 1846-47 చలికాలం కరువులో రైఫైజన్ అనే ఒక మేయరు రొట్టె సంఘం పెట్టి, పేదలకు రొట్టెను దానంగా కాకుండా అరువుగా ఇప్పించాడు. ఆయన తర్వాత కట్టిన పరపతి సంఘాలను చూసొచ్చిన ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాశాడు, 1904లో మన దేశానికి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఇవాళ ఊరూరా ఉన్న సొసైటీ బ్యాంకు మూలం ఆ రొట్టె దగ్గర ఉంది.

అయితే పక్కింటి చూపుకు ఇంకో ముఖం ఉంది, దాన్ని చెప్పకుండా వదిలితే ఈ నీతి సగమే అవుతుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీలు మన ఊళ్లలోకి వచ్చినప్పుడు కొందరు ఆడవాళ్లను ఒక గుంపుగా కట్టి అప్పులిచ్చాయి. ఒకరు వారం కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు పూచీ. అప్పుడు పక్కింటామెకు మన ఇంట్లో జొన్నలు లేవని తెలియడం మనకు దిక్కు కాలేదు, ముప్పయింది. ఆ వారం కూలి దొరకని ఇంటి వాకిట్లో వచ్చి కూర్చున్నది షావుకారు మనిషి కాదు, నిన్నటిదాకా కలిసి నాటు వేసిన చెల్లె. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ కంపెనీలు రిజిస్టర్ చేసుకోవాలని, వారం వసూళ్లు ఆపి నెలకోసారే తీసుకోవాలని కట్టడి చేసింది. పక్కింటి చెవి అదే. అది ఎవరికి మాట మోస్తుందన్న దాన్ని బట్టే మంచీ చెడూ తేలుతుంది. పాతర కాపరికి మోస్తే గంప వస్తుంది, వసూలు గుమాస్తాకు మోస్తే గడప తొక్కుతారు.

మన మహిళా సంఘాలు ఆ కంపెనీల గుంపుల కంటే ఎంతో మేలైనవి. పొదుపు వాళ్లదే, తీర్మానం వాళ్లదే, గ్రామైక్య సంఘం వాళ్లదే. ఆ సంఘాలకు అప్పులిచ్చేందుకు 2011లో పుట్టిన స్త్రీనిధి 48 గంటల్లో అప్పు చేతికందాలన్న లక్ష్యంతో పనిచేసింది, ఎందరినో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా ఆపింది. కానీ పని పోయిన ఇంటికి కావాల్సింది ఎప్పుడూ ఇంకో అప్పు కాదు. ఆ ఇంటికి మొదట కావాల్సింది ఉన్న కిస్తీ మూడు నెలలు ఆగడం. రెండోది ఇంట్లోకి గింజ. మూడోది పిల్లలను బడి మాన్పించకుండా కాచుకోవడం. నాలుగోది, అన్నిటికన్నా కష్టమైనది, చేతికి ఇంకో పని. గానుగాయనకు ఊరు చివరికి ఇచ్చింది అదే కదా, కాపరి పని.

అందుకే నా కోరిక చిన్నది, చేయగలిగినది. నవాబుపేట మండలంలో ఏ ఊళ్లో గ్రామైక్య సంఘం కూర్చున్నా వసూళ్లు, బకాయిలు, కొత్త అప్పుల మాట వస్తుంది. వాటికంటే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ నెల మన వాడలో ఎవరింట్లో పని ఆగింది? జవాబు సభలో గట్టిగా చెప్పనక్కర లేదు. వాడకు ఒకామె ముందే తెలుసుకుని అధ్యక్షురాలి చెవిన వేస్తే సరిపోతుంది. ఆ ఇంటి కిస్తీ మీద తీర్మానం పేరు లేకుండానే రాయొచ్చు. గింజకు సంఘం పొదుపులోంచి ఒక చిన్న నిధి పక్కన పెట్టుకోవచ్చు, ఏడాదికి ఒకసారి పంట వచ్చినప్పుడు ఉన్నవాళ్లు పోస్తారు. ఉపాధి పనికి, కార్మిక కార్డుకు దరఖాస్తు రాసిపెట్టి రసీదు తెచ్చివ్వడానికి ఊళ్లో చదువుకున్న ఆడపిల్ల ఒకరుంటే చాలు, ఆమె కష్టానికి సంఘమే కూలి కట్టాలి. ఆ లెక్కలోకి అద్దె ఇళ్లు కూడా రావాలి, తోటల్లో కాపలా ఉండే కుటుంబాలు, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు, కోళ్ల ఫారాల దగ్గర రేకుల గదులు కూడా రావాలి. వాళ్లు సంఘంలో సభ్యులు కాదు. మొదటి ఏడాది వాళ్ల వంతు ఎవరు పోస్తారన్నది ఆ సభలోనే తేల్చుకోవాలి.